చివరి బాకీ

ఇల్లు కట్టేటప్పుడు అందరికన్నా చివర వచ్చేవాడు రంగులవాడు. పునాది తవ్వేవాళ్ళు దిగినప్పుడు యజమాని చేతిలో డబ్బు ఆడుతూ ఉంటుంది. స్లాబు పోసిన రోజు కూలీలకు భోజనాలు పెడతారు. గుమ్మం ఎత్తిన రోజు వడ్రంగికి తాంబూలంలో నోటు పెడతారు. మేం వెళ్ళేసరికి ఆ ఇంటాయనకు అప్పు పుట్టే చోట్లన్నీ అయిపోయి ఉంటాయి. ఇల్లాలి గొలుసు బ్యాంకులో ఉంటుంది. గృహప్రవేశం ముహూర్తం మాత్రం శుభలేఖల్లో అచ్చయిపోయి ఉంటుంది. అలాంటి ఇంట్లో అడుగుపెట్టి, మాకింత కూలి కావాలి అని నోరు తెరిచి అడగాలి. మా చిన్న మావయ్య బతుకంతా ఆ అడగడం దగ్గరే గడిచింది.

నేను ఆయన దగ్గర చిట్టా రాసేవాణ్ణి. మా ఊళ్ళో కాలేజీ లేక, ఇంటర్ చదవడానికి విజయవాడ వచ్చి కృష్ణలంకలో వాళ్ళింట్లో దిగాను. 1987 అనుకుంటాను. మావయ్య రంగుల మేస్త్రి. చేతికింద ఇద్దరు పెయింటర్లు, ఒక హెల్పరు, గోడలు గీకి రుద్దడానికి ఒక ఆడమనిషి. ఆయనకు సంతకం వచ్చు, అంకెలు వెయ్యడం వచ్చు, సినిమా పోస్టరు మీద పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక శనివారం నల్ల అట్ట పుస్తకం నా ముందుకు తోసి, "ఒరే అబ్బాయ్, ఇకమీదట ఇది నువ్వు రాయి. నా లెక్క నాకే తెలియకుండా పోతోంది" అన్నాడు.

శనివారం సాయంత్రం బట్వాడా. ఆ మాట అనుకోగానే ముందు కిరసనాయిలు వాసన గుర్తొస్తుంది. ఎనామెల్ అంటిన చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, బట్టల సబ్బు ముక్కతో రుద్దుకుని, అందరూ అరుగు మీద కూర్చునేవాళ్ళు. మావయ్య బనీను జేబులోంచి డబ్బు తీసి తుండుగుడ్డ మీద పెట్టేవాడు. నేను పైకి చదివేవాణ్ణి: పూర్తి రోజులు ఎన్ని, ఒంటిపూటలు ఎన్ని, నాగాలు ఎన్ని, వారం మధ్యలో తీసుకున్న చేబదులు ఎంత. ఎవరి పేరు చదివితే వాళ్ళు తలెత్తి నా నోటివంక చూసేవాళ్ళు. వాళ్ళ వారం రోజుల కష్టం నా నోట్లోంచి ఒక అంకె అయి బయటికి వచ్చేది. పదిహేడేళ్ళ కుర్రాడికి అది చాలా పెద్ద బరువు. అప్పుడు మాత్రం బరువనిపించలేదు. నాకు గొప్పగా ఉండేది.

ఆ చిట్టా ఇప్పుడు లేదు. 2009 అక్టోబరులో కృష్ణకు వరదొచ్చి కట్ట పక్క ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు పోయిందని అత్తయ్య అంటుంది. అంతకు చాలా ముందే పాత పేపర్లవాడికి వేసేశామని వాళ్ళబ్బాయి అంటాడు. కాబట్టి నేను చెప్పే అంకెలు జ్ఞాపకంలో మిగిలినవే. పెయింటరుకు రోజుకు 35 రూపాయలు, హెల్పరుకు 20, ఆడమనిషికి 15. ఒకటి రెండు రూపాయలు అటూ ఇటూ అయి ఉండవచ్చు. ఆ మూడింటి మధ్య ఉన్న దూరాన్ని మాత్రం నేను మర్చిపోలేదు.

మేస్త్రికి ఎంత అని చిట్టాలో ఉండేది కాదు. పని గుత్తకు మాట్లాడుకుని, అందరికీ రోజు కూలి ఇచ్చి, మిగిలింది ఆయన తీసుకోవాలి. అనుకున్న రోజుల్లో పని తెమిలితే మిగిలేది. వాన పడినా, గోడ ఆరకపోయినా, మొదట్లో ఒప్పుకున్న రంగు నచ్చలేదని ఇంటావిడ మళ్ళీ వేయించినా, మిగిలేది కాస్తా హరించుకుపోయేది. చిట్టా పట్టకముందు నేను మేస్త్రి అంటే పెద్ద సంపాదన అనుకునేవాణ్ణి. బట్వాడా అయ్యాక ఆయన ఖాళీ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచిన శనివారాలు ఉన్నాయి. "నీకేం మిగిలింది మావయ్యా?" అని ఒకసారి అడిగాను. "వచ్చే పని మిగిలిందిరా" అన్నాడు.

గోడలు రుద్దే ఆమెను అందరూ అక్కా అనేవాళ్ళు. ఆమె పేరు చిట్టాలో నేనే రాసేవాణ్ణి, అయినా ఇప్పుడు ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ముఖం గుర్తుంది. కనురెప్పల మీద సున్నపు పొడి, నుదుటి మీద చెమటకు కారిన కుంకుమ. పొద్దున్నే ఆమే ముందు వచ్చేది. ఇనప రేకుతో పాత సున్నం పెచ్చులు గీకేది. ముందు రోజు సాయంత్రం డ్రమ్ములో వేసి నీళ్ళు పోసిన సున్నం రాత్రంతా ఉడికి చల్లారి ఉండేది. దాన్ని గుడ్డలో వడకట్టి, జిగురు కలిపి, తెలుపు తేలడానికి నీలిమందు చుక్కలు వేసేది. వేళ్ళ సందుల్లో చర్మాన్ని సున్నం తినేసేది. మధ్యాహ్నం అన్నం కలుపుకునే ముందు కొబ్బరినూనె రాసుకుని, కాసేపు ఊదుకుని, అప్పుడు ముద్ద పట్టుకునేది.

తలుపుల పని వస్తే ఉప్పుకాగితం. పాత ఎనామెల్ మొత్తం పొడయ్యేదాకా రుద్దాలి. అప్పట్లో లప్పం మేమే కలుపుకునేవాళ్ళం: చాక్ పొడి, అవిసె నూనె, కాస్త ఎనామెల్. అది ఆరాక మళ్ళీ రుద్దుడు. గదిలో ఆ పొడి పొగమంచులా నిలబడేది. ముక్కుకు చీర కొంగు తప్ప వేరే రక్షణ లేదు. రంగుల్లో సీసం కలుస్తుందని మాకు చెప్పినవాళ్ళు లేరు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. ఆమె రుద్దిన తలుపులన్నీ అంతకు ముప్పై ఏళ్ళ ముందువి.

హెల్పరు కుర్రాడూ అదే రుద్దుడు రుద్దేవాడు. అతనికి 20, ఆమెకు 15. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆ శనివారాల్లో మాత్రం "ఆరు రోజులు, తొంభై" అని చదివి ఊరుకునేవాణ్ణి. ఒకనాడు ఆమె నోట్లు లెక్కపెట్టుకుంటూ, ఎవరితోనూ కాకుండా తనలో తాను అన్నట్టు, "మగాడు రుద్దాడో ఆడది రుద్దిందో గోడకి తెలుస్తుందా" అంది. ఎవరూ మాట్లాడలేదు. మావయ్య ఒక ఖాళీ డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. ఖాళీ డబ్బాలు ఆమెవే అని మా దగ్గర ఆనవాయితీ. నీళ్ళు పట్టుకోవడానికి పనికొచ్చేవి. కొన్ని చోట్ల ఇంటివాళ్ళు అవి కూడా తమవే అని లెక్కపెట్టుకునేవాళ్ళు.

ఇక అడగడం సంగతి. సత్యనారాయణపురంలో ఒక రిటైరైన ఉద్యోగి ఇల్లు. ఆయన వాలుకుర్చీలో కూర్చుని, మావయ్య మెట్టు మీద నిలబడి, నేను చిట్టాతో మావయ్య వెనక. "ఏమయ్యా, గోడకి రంగు పూయడానికి ఇంతా? ఓపిక లేక గానీ, కుంచె పట్టుకుంటే నేనే వేసుకోనూ" అన్నాడాయన. ఈ మాట తర్వాత ఎన్ని ఇళ్ళలో, ఎన్ని నోళ్ళ నుంచి విన్నానో. తాపీ మేస్త్రితో ఎవరూ అలా అనరు. కరెంటు పని చేసేవాడితో అసలే అనరు. రంగు వెయ్యడం అందరూ చూసిన పని. పండక్కి ఇంటికి తామే సున్నం వేసుకున్న జ్ఞాపకం అందరికీ ఉంటుంది. కనబడేది చివరి కోటు ఒక్కటే. దాని కింద గీకుడు, రుద్దుడు, లప్పం, మళ్ళీ రుద్దుడు, ప్రైమరు ఉన్నాయని గోడ చూసినవాళ్ళకు తెలియదు. పని బాగా కుదిరిన కొద్దీ కింద జరిగిందంతా కనబడకుండా పోతుంది.

మావయ్య ముందు ఒక అంకె చెప్పేవాడు. అవతలివాళ్ళు ముఖం చిట్లించకముందే తనే తగ్గించేసేవాడు. "మీరు పెద్దవాళ్ళు, మీకు తోచింది ఇవ్వండి" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. బయటికి రాగానే, "వాళ్ళకు తోచేది ఎప్పుడూ తక్కువే తోస్తుంది మావయ్యా" అనేవాణ్ణి. ఆయన సైకిలు తాళం తీస్తూ, "పని ముఖ్యంరా" అని మాత్రం అనేవాడు. లెక్కల్లో మంచి మార్కులు వచ్చే కుర్రాణ్ణి నేను. రోజుకు ఇంత, ఆరు రోజులకు ఇంత అన్న గుణకారం నాకు బాగా వచ్చు. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవనీ, మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఆగి వాటితో పాటు రంగులూ ఆగుతాయనీ, వానాకాలం బయటి గోడల జోలికి పోలేమనీ నాకు తెలుసు. తెలిసినా ఆ రోజుల్ని నా గుణకారంలో వేసుకోలేదు. మావయ్య నోటిలోంచి వచ్చే ప్రతి అంకె వెనకా ఆ ఖాళీ రోజుల భయం ఉండేది. ఈ పని పోతే మళ్ళీ ఎప్పుడో అన్న భయం. ఆ భయమే ఆయన చేత కూలి తగ్గించేది.

తగ్గించుకున్నదైనా పూర్తిగా చేతికొచ్చేది కాదు. కొత్త గోడకు ప్లాస్టరింగు అయ్యాక చెమ్మ బయటికి పోవడానికి వారాలు పడుతుంది. ముహూర్తం తరుముకొస్తోందని తడి ఆరకుండానే రంగు వేయిస్తారు. లోపలి తడి ఉప్పును పైకి నెట్టి, నెల తిరక్కుండా మూల మూలా పొక్కులు లేస్తాయి. మావయ్య ఆ మాట ముందే చెప్పేవాడు. "అదంతా తర్వాత చూద్దాం, నువ్వు కానీయ్" అనేవాళ్ళు. తర్వాత డబ్బు దగ్గర ఆ మూల గుర్తొచ్చేది. "ఓ రెండొందలు అట్టిపెడుతున్నాను. ఆ మరక పోయాక వచ్చి పట్టుకెళ్ళు." ఆ మరక పోదు. ఆ రెండొందలు రావు. చిట్టా వెనక పేజీల్లో వీటికి ఒక జాబితా ఉండేది. పైన "చివరి బాకీ" అని నేనే శ్రద్ధగా గీత కొట్టి రాశాను. ఎర్ర సిరాతో కొట్టేసిన పద్దులు తక్కువ. కొన్ని ఇళ్ళకు నన్ను పంపేవాడు. చదువుకునే పిల్లవాడు వెళితే ఇస్తారేమోనని ఆయన ఆశ. గేటు దగ్గర నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, వచ్చే వారం రమ్మనేవాళ్ళు. దయగల మాటలే. డబ్బు మాత్రం లేదు.

మా ఏడాది మొత్తానికి గింజలు రాల్చేది సంక్రాంతి ముందు నెల. ఊరంతా ఒకేసారి వెల్ల వేయించుకుంటుంది. 1988 డిసెంబరులో మావయ్య నాలుగైదు ఇళ్ళకు బయానా తీసుకుని సున్నం, రంగు పొడులు కొనేశాడు. 26వ తేదీ తెల్లవారుజామున నిరాహారదీక్ష శిబిరంలో ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య జరిగింది. పొద్దెక్కేసరికి ఊరు తగలబడుతోంది. నాకు ఆ రోజు గురించి ముక్కలు ముక్కలుగానే జ్ఞాపకం. కట్ట మీద నిలబడితే ఊరి మీద లేచిన నల్లటి పొగ. తలుపు గడియ వేసి దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డ అత్తయ్య. పెరట్లో డ్రమ్ములో నానిన సున్నం. కర్ఫ్యూలో ఆ సున్నం మీద మీగడ కట్టింది. సడలింపు ఇచ్చిన గంటల్లో అక్క వచ్చి గుమ్మం బయట నిలబడింది. పని లేదని ఆమెకు తెలుసు. "ఏమన్నా ఉంటే ఇవ్వు మేస్త్రీ, వచ్చే దాంట్లో పట్టుకో" అంది. కార్డు మీద కిలో రెండు రూపాయల బియ్యం ఉన్న రోజులు కాబట్టి చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగింది. మావయ్య తీసుకున్న బయానాల్లోంచే అందరికీ కొంత కొంత పంచాడు. అంటే, చెయ్యని పనికి కూలి ఇచ్చాడు. అది చిట్టాలో ఎక్కడ రాయాలో నాకు తెలియక అడిగితే, "రాయకు" అన్నాడు.

ఊరు తేరుకున్నాక మాకు వచ్చిన మొదటి పని, కాలిపోయిన ఒక దుకాణం. మసి పట్టిన గోడ మీద సున్నం నిలవదు. ఎన్ని కోట్లు వేసినా నలుపు పైకి తేలుతుంది. సోడా నీళ్ళతో కడిగి, రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ కడగాలి. మామూలు పని కన్నా మూడింతల చాకిరీ. దుకాణం ఆయన బూడిదలో కాళ్ళు పెట్టుకుని నిలబడి, "ఎంతివ్వమంటావు మేస్త్రీ?" అన్నాడు. ఆ గొంతులో బేరం లేదు. మావయ్య చాలాసేపు గోడ వంక చూశాడు. "మావాళ్ళకి రోజు కూలి ఇవ్వండి బాబూ. నా సంగతి దుకాణం తెరిచాక చూద్దాం" అన్నాడు. ఆయన తన బాకీ వదులుకోవడం చూసి ఆ రాత్రి నేను అన్నం దగ్గర మాట్లాడలేదు. నష్టపోయిన మనిషి ముందు మరొక నష్టపోయిన మనిషి చెప్పిన అంకెగా దాన్ని చూడటానికి నాకు చాలా కాలం పట్టింది.

మా ఇద్దరు పెయింటర్లలో ఒకతను గోదావరి జిల్లావాడు. 1989లో ఏజెంటుకు డబ్బు కట్టి కువైట్ వెళ్ళాడు. మరుసటి ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. బస్సుల్లో అమ్మాన్ దాకా, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి దాకా వచ్చిన వేలమందిలో ఇతనూ ఒకడు. ఒక సంచీతో దిగాడు. అక్కడ పనిచేసిన చోట రావలసిన నెలల జీతం అక్కడే ఉండిపోయింది. కానీ మనిషి మారి వచ్చాడు. మళ్ళీ మా దగ్గర పనిలో చేరిన వారంలోనే, ఒక సాయంత్రం లైటు పెట్టుకుని పని చేస్తుండగా కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, "మేస్త్రీ, పొద్దుగూకాక చేసినదానికి ఏది?" అన్నాడు.

అప్పటిదాకా పొద్దుగూకాక చేసినదానికి ఏదీ లేదు. పని తెమలాలి, అంతే. "అక్కడ గంట లెక్క. టైము దాటితే ఎక్కువిస్తారు" అన్నాడతను. మావయ్య దగ్గర జవాబు లేదు. మేమంతా మావయ్యకు కోపం వస్తుందనుకున్నాం. రాలేదు. ఆ తర్వాతి ఇంట్లో బేరం మాట్లాడుతూ, "సాయంత్రం ఆరు దాటితే మావాళ్ళకి వేరే ఇవ్వాలండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు మావయ్య గొంతు వణికింది. ఆ ఇంటాయన సరే అన్నాడు, అంత తేలిగ్గా. మావయ్య బయటికొచ్చి సైకిలు పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయాడు. నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. అదనపు వేళలకు రెట్టింపు కూలి అని అందులో రాశారు. మా ముఠాలోకి ఆ మాటను అంతకు ముందే కువైట్ నుంచి ఉత్తచేతులతో వచ్చిన మనిషి తీసుకొచ్చాడు.

చదువైపోయి, ఉద్యోగం వచ్చి నేను హైదరాబాదు చేరాను. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ పక్కంతా అపార్టుమెంట్లు లేవడం మొదలైంది. పొద్దున్నే ఆఫీసుకు పోతూ కూకట్‌పల్లి, మూసాపేట అడ్డాల దగ్గర నిలబడ్డ పెయింటర్లను బస్సు కిటికీలోంచి చూసేవాణ్ణి. చేతిలో రంగులంటిన సంచీ, అందులోంచి బయటికి తొంగిచూసే రోలరు కర్ర. పాలమూరువాళ్ళు, శ్రీకాకుళంవాళ్ళు, తర్వాత్తర్వాత ఒడిశా, బీహారు, యూపీ కుర్రాళ్ళు. సున్నం వెనక్కు పోయింది. తెల్లసిమెంటు లప్పం సంచుల్లో వస్తోంది. రోజు కూలి పోయి చదరపు అడుగు వచ్చింది. ఫ్లాటు నేల వైశాల్యాన్ని మూడున్నరతో హెచ్చిస్తే గోడలూ సీలింగూ కలిపి దాదాపు ఎంతో వస్తుందని ఒక మోటు లెక్క. తలుపులూ కిటికీలూ తీసెయ్యాలా వద్దా అన్నది ప్రతిచోటా గొడవ. బిల్డరు కాంట్రాక్టరుకు ఇస్తాడు, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకు, అతను మేస్త్రికి. చివర కుంచె పట్టినవాడికి మళ్ళీ రోజు కూలే. మధ్యలో చదరపు అడుగు ఏమైందో అతనికి తెలియదు.

మావయ్య అప్పుడప్పుడు వచ్చి మా ఇంట్లో ఉండేవాడు. ఒకసారి మా వీధిలోనే చిన్న పని ఒప్పుకున్నాడు. రంగుల బకెట్లలో పెయింటర్ల కోసం కంపెనీలు టోకెన్లు పెడుతున్న రోజులవి. షాపులో ఇస్తే డబ్బిస్తారు. బకెట్ మూత తీయగానే కనబడిన టోకెన్ తీసుకెళ్ళి, "అమ్మగారూ, ఇది మీ డబ్బాలో వచ్చింది" అని ఇంటావిడ చేతిలో పెట్టాడు. పక్కనున్న కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. "అది మన కూలిలో భాగం మేస్త్రీ, అది చూసుకునే మనం రేటు చెప్పాం" అన్నాడు. మావయ్య ఆ సంగతి రాత్రి నాకు చెబుతూ, "కూలి చేతిలో పెట్టాలి గానీ డబ్బాలో దాచి పెట్టడమేంట్రా" అన్నాడు. ఇప్పుడు టోకెన్ బదులు కోడ్ వచ్చింది. ఫోనుతో స్కాన్ చేస్తున్నారు. కూలిలో కొంత రంగు కొన్నవాడికి తెలియకుండా, రంగు అమ్మినవాడి దగ్గర్నుంచి రావడం మాత్రం మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు 2007లో ఏర్పడింది. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, ఏడాదిలో కనీసం 90 రోజులు పనిచేసినవాళ్ళు పేరు రాయించుకోవచ్చు. మావయ్య తనవాళ్ళందరినీ తీసుకెళ్ళి రాయించాడు. వీళ్ళు నా దగ్గర ఇన్ని రోజులు చేశారని సంతకాలు పెట్టాడు. తనది వాయిదా వేస్తూ పోయాడు. వేరేవాళ్ళ పని దినాలన్నీ ఆయన చిట్టాలో ఉన్నాయి. ఆయన పనిచేసిన రోజులు ఏ చిట్టాలోనూ లేవు. నేను ఆ పుస్తకం రాసినన్నాళ్ళూ ఆయన పేరు మీద ఒక గీత కూడా గీయలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు మా ఫ్లాటులో రంగులు జరుగుతున్నాయి. పెయింటరు కూలి ఐదొందలు దాటిన కాలం అది. అంటే ఒక ఐదొందల నోటు, పైన చిల్లర. సరిగ్గా ఆ నోటే పోయింది. మరునాటి నుంచి కాంట్రాక్టరు పాత నోట్లే ఇస్తానన్నాడు, ఇష్టమైతే తీసుకోండి లేకపోతే ఆగండి అని. బీహారు కుర్రాళ్ళు తీసుకుని బ్యాంకుల ముందు నిలబడ్డారు. వరుసలో నిలబడ్డ రోజు కూలి పోయింది. కూలి పోగొట్టుకుని కూలి మార్చుకోవడం నేను అప్పుడే చూశాను. ఫోనులో మావయ్యకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "కర్ఫ్యూలో ఉన్నట్టే ఉందిరా" అన్నాడు. ఆయన పోయింది ఆ తర్వాతి చలికాలంలో.

మొన్న మా అపార్టుమెంటుకు బయటి గోడల రంగులు తలపెట్టారు. కమిటీలో నేనూ ఉన్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు, ముప్పై దాటి ఉండడు, బేరానికి వచ్చాడు. పెయింటరుకు రోజుకు 1,200 అన్నాడు. కమిటీ పెద్దాయన వెంటనే, "రంగు వెయ్యడానికి అంతా?" అన్నాడు. నాకు సత్యనారాయణపురం మెట్టు కళ్ళముందుకు వచ్చింది. కుర్రాడు తలొంచలేదు, తగ్గించలేదు. "ఏడాదికి రెండొందల రోజులు పని దొరికితే గొప్ప సార్. వానాకాలం మేం ఏం తినాలి? ఆ రోజులు కూడా ఈ పన్నెండొందల్లోనే ఉన్నాయి" అన్నాడు. ఎంత తేటగా చెప్పాడు! మావయ్య ముప్పై ఏళ్ళు గుండెల్లో మోసి నోటిదాకా తేలేకపోయిన లెక్క అది. రోజు కూలి అనేది ఆ ఒక్క రోజుకు కట్టే ధర కాదు. పని దొరకని రోజులు, తిరిగొచ్చిన గోడలు, పాడైన ఊపిరితిత్తులు, ముసలితనం, అన్నీ అందులోంచే వెళ్ళాలి. వాటిని లెక్కలో వెయ్యకుండా "అంతా?" అనడం అన్యాయం. ఇది నేను కమిటీలో గట్టిగానే అన్నాను.

కుర్రాడు షరతులన్నీ కాగితం మీద పెట్టమన్నాడు. ఆరు దాటితే అదనం. తాళ్ళ మీద వేలాడే పనికి బెల్టు, హెల్మెట్ కమిటీవే. రంగు డబ్బాల్లోని కోడ్‌లు పనివాళ్ళవే. పని ముగిసిన వారంలో చివరి బాకీ పూర్తిగా; చెమ్మ వల్ల వచ్చే పొక్కులకు డబ్బు ఆపకూడదు. ఒక్కొక్కటే చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. కమిటీ ఆఖరికి సంతకం పెట్టింది. రేటు 1,150కి కుదిరింది.

పని మొదలైన రోజు కిందికి దిగి చూశాను. సెల్లారు గోడ దగ్గర ఒక హెల్పరు కుర్రాడు, ఒక ఆడమనిషి పక్కపక్కనే లప్పం రుద్దుతున్నారు. ఇద్దరి తలల మీదా ఒకే తెల్లపొడి. కూలి ఎంత అని మేస్త్రి కుర్రాణ్ణి అడిగాను. "అతనికి ఎనిమిదొందలు సార్, ఆమెకి ఆరొందల యాభై." ఎందుకలా అన్నాను. "ఎప్పటినుంచో అంతే కదా సార్" అన్నాడు. తన కూలి గురించి అంత తేటగా లెక్క చెప్పిన మనిషి, ఈ లెక్క దగ్గర మావయ్యలాగే మాట్లాడాడు. ఆమె చేతులు ఆపి మా వంక చూసింది. ఆ కాగితంలో ఇంకొక వాక్యం రాయిద్దాం, ఒకే పని చేసే ఇద్దరికీ ఒకే కూలి అని, ఆ తేడా కమిటీ భరించేలా నేను మాట్లాడతాను అన్నాను. కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "మీరు అక్కడ ఒప్పించండి సార్, ఇక్కడ నేను ఇస్తాను" అన్నాడు. కమిటీ వచ్చే ఆదివారం కూర్చుంటుంది. ఏమంటారో నాకు తెలుసు. అయినా ముందు ఆమె పేరు అడిగి, కాగితం మీద రాసుకున్నాను.